దానిని ఎవరు చూచుకొంటారు?

మా అక్కయ్యకు డెబ్బది రెండేళ్ళు. గుడివాడ నుండి హైదరాబాదు వెళ్ళిరావడమే ఆమెకు పెద్ద యాత్ర. అట్టి మనిషి ఆమధ్య మనుమరాలి పురిటికని అమెరికాలోని డల్లాసు నగరానికి ప్రయాణం కట్టవలసి వచ్చినది. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదులో జరిగిన ఘోరం జనుల మనసులలో ఇంకను పచ్చిగానే ఉన్న రోజులవి. విమానం లేచిన క్షణాలకే కూలిపోవడం, వైద్య విద్యార్థుల వసతిగృహంపై మంటలు లేవడం ఆమె టెలివిజనులో పదేపదే చూచినది. ప్రయాణం నాలుగు రోజులున్నదనగా నన్ను పిలిపించినది.

"ఒరే తమ్ముడూ, బళ్ళో సైన్సు చెప్పినవాడివి గదా. అది పడదని నాకు చెప్పగలవట్రా?"

ముప్పది యేళ్ళు పాఠం చెప్పిన నోరు ఊరుకొంటుందా? మన దేశంలో 2022వ సంవత్సరం ఒక్కదానిలోనే 1,68,491 మంది రోడ్డు ప్రమాదాలలో మరణించారని చెప్పినాను. ప్రపంచ విమాన రవాణా సంస్థల సంఘంవారి లెక్క ప్రకారం 2024లో నాలుగు కోట్లకు పైబడిన విమానయానాలలో ప్రాణనష్టం జరిగినవి ఏడు మాత్రమేనని చెప్పినాను. ఆమె విజయవాడకు పోయే బస్సుకంటె ఈ విమానమే క్షేమమని తేల్చినాను. అక్కయ్య శాంతంగా విన్నది.

"ఆ ఏడింటిలో ఒకటి నాదైతే నీ లెక్క నాకెందుకురా? లెక్క వద్దు. దాన్ని ఎవరు చూచుకొంటారో అది చెప్పు."

ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు సిద్ధంగా లేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించవలసి వచ్చినది. ఈ వ్యాసం ఆ ఆలోచన ఫలమే.

విమానమంటే భయపడేవారిని పిరికివారనీ, చదువురానివారనీ పరిహసించడం మనలో ఒక అలవాటైపోయినది. అది అన్యాయం. నేనెరిగిన ఇంజనీర్లలోనే విమానమెక్కగానే కండ్లు మూసుకొని ఇష్టదైవాన్ని తలచుకొనేవారున్నారు. బస్సులో డ్రైవరు మెడ మనకు కనబడుతుంది. మరీ తొందరపడితే "మెల్లగా పోనీవయ్యా" అని కేకవేయవచ్చును. రైలులో గొలుసున్నది. పడవలో సరంగు ముఖం చూచి గోదావరి ధోరణి కొంత ఊహించవచ్చును. విమానంలో మాత్రం మన ప్రాణం మూసిన తలుపు వెనుక ఉన్న ఇద్దరి చేతులలో ఉంటుంది. వారిని మనం చూడలేదు. వారు మనను చూడరు. చావు భయంకంటె ఈ పరాధీనతే మనిషిని ఎక్కువగా కలవరపెడుతుందని నా అభిప్రాయం. మన పురాణాలలోని పుష్పకం ఎక్కినవారి మనస్సు నెరిగి నడిచినదట. దానికి నూనె పోసినదెవరో, మరలు బిగించినదెవరో కవులు చెప్పలేదు. ఆ అవసరం వారికి కలుగలేదు కాబోలు.

కొన్ని భయాలకు సైన్సు పుస్తకమే మందు. మబ్బులలో విమానం కుదుపునకు లోనైనపుడు రెక్కలు ఊగడం చూచి గుండె జారినట్లవుతుంది. కాని ఊగడం రెక్కకు బలమే. వంగని కొమ్మ విరుగుతుందని మన పిల్లలకు తెలుసును గదా! ప్రయాణంలో రెక్కకు తగులునని ఊహించే అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు మోయగలిగేటట్లు దానిని నిర్మించి, నేలమీదనే వంచి పరీక్షిస్తారు. రెండింజన్ల విమానంలో ఒకటి ఆగినా రెండవదానితో దగ్గరి విమానాశ్రయం చేరవచ్చును. ఇవి చెప్పితే కొందరికి ఊరట కలుగుతుంది.

భయానికి కూడా ఒక ఖరీదున్నదని మరవరాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల పిమ్మట అమెరికాలో ఎందరో విమానం మాని కారెక్కినారు. ఆ కారణాన తరువాతి ఏడాదిలో రోడ్లమీద అదనంగా సుమారు 1,500 మంది చనిపోయి ఉంటారని గెర్డ్ గిగెరెంజర్ అనే జర్మను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అంచనా కట్టినాడు. వారి మరణం ఏ పత్రికలోను పెద్ద అక్షరాలకెక్కలేదు.

అయినను అక్కయ్య ప్రశ్న అట్లే నిలిచి ఉన్నది. దానికి జవాబుగా నేనామెకు కామెట్ కథ చెప్పినాను. భయపడే మనిషికి కూలిన విమానాల కథ చెప్పడమేమిటని మా ఇంటావిడ నన్ను మందలించిన మాట నిజమే. కాని ఆ కథకంటె మంచి జవాబు నాకు నేటికిని దొరకలేదు.

1952 మే 2వ తేదీన లండన్ నుండి జొహానెస్‌బర్గుకు ఒక విమానం బయలుదేరినది. ప్రయాణికులను మోసిన జెట్ విమాన సర్వీసులలో అదే ప్రపంచంలో మొట్టమొదటిది. దాని పేరు కామెట్. నిర్మించినవారు ఇంగ్లండులోని డి హావిలాండ్ సంస్థవారు. పంఖాల విమానాల రొదకు, కుదుపునకు అలవాటుపడినవారికి అది గంధర్వ రథమువలె తోచినది. సరిగా ఏడాది తిరిగినరోజున, 1953 మే 2న, ఒక కామెట్ మన కలకత్తాలోని డమ్‌డమ్ నుండి లేచిన కొద్ది నిమిషాలకే ఉరుముల గాలివానలో చిక్కి ముక్కలైపోయినది. నలుబది ముగ్గురు మరణించినారు. దోషం గాలివానదే అన్నారు. నమ్మదగిన కారణమే గదా. వానను కోర్టుకు పిలిచేదెవరు?

1954 జనవరి 10న రోము నుండి లేచిన మరొక కామెట్ ఇటలీ తీరాన ఎల్బా ద్వీపం దగ్గర సముద్రంలో పడినది. మృతులు ముప్పదియైదుగురు. ఈసారి గాలివాన లేదు. కామెట్లను నిలిపివేసి, ఇది కావచ్చును, అది కావచ్చును అని ఊహించి అనేక మార్పులు చేసినారు. అసలు కారణం మాత్రం తెలియలేదు. అయినను మార్చి 23న మళ్ళీ ఎగురనిచ్చినారు. పదహారు రోజులు గడిచినవి. ఏప్రిల్ 8న ఇంకొక కామెట్ నేపుల్సుకు దక్షిణాన సముద్రంలో కలిసిపోయినది. ఇరువదియొక్క మంది.

తెలియని రోగానికి తోచిన మందెల్లా వేసి, రోగిని నడిపించి చూచినట్లయినది. ఆ ఇరువదియొక్క ప్రాణాలు తొందరపాటుకు బలియైనవని అనక తప్పదు. కాని తరువాత ఆంగ్లేయులు చేసిన పని మెచ్చదగినది. కామెట్లకు ఎగిరే అనుమతి రద్దుచేసినారు. ఎల్బా వద్ద నౌకాదళం సముద్రపుటడుగున వెదకి శిథిలాలను ఒక్కొక్కటిగా పైకి తీసినది. ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధనాలయంలో సర్ ఆర్నాల్డ్ హాల్ నాయకత్వాన ఆ ముక్కలను చట్రం మీద అమర్చి విమానాన్ని తిరిగి నిలబెట్టినారు.

అంతటితో ఆగలేదు. బాగుగా ఉన్న మరొక కామెట్‌ను తెచ్చి, దాని చుట్టూ పెద్ద తొట్టి కట్టి, లోపలా వెలుపలా నీటితో నింపినారు. ఇది మా సైన్సు ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పవలసిన ముచ్చట. ఎత్తున గాలి పలుచన. నలుబది వేల అడుగుల ఎత్తున మనిషి బ్రతకడానికై విమానం లోపల గాలిని ఒత్తిడితో నింపుతారు. అనగా ప్రతి ప్రయాణంలోను విమానపు గొట్టం బెలూనువలె కొంచెం ఉబ్బి, దిగినపుడు మళ్ళీ సడలుతుంది. ఇనుప తీగను ఒకసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదేపదే వంచితే విరుగుతుంది. లోహానికి కూడా అలసట ఉన్నది. ఆ అలసటను పరీక్షించడానికి ఫార్న్‌బరోలో నీటిని ఎక్కించి దించి, కొద్ది నిమిషాలలో ఒక ప్రయాణమంత ఒత్తిడిని కల్పించినారు. రెక్కలను యంత్రాలతో ఊపినారు. గాలికి బదులు నీరెందుకు? గాలితో నింపినది పగిలితే బాంబువలె పేలి సాక్ష్యమంతా తునుకలవుతుంది. నీరు కుదించుకుపోని ద్రవం కనుక పగులు పడిన చోటు పడినట్లే ఉంటుంది.

1954 జూన్ నెలలో ఆ గొట్టం పగిలినది. అది నిజంగా ఎగిరిన ప్రయాణాలు 1,221. తొట్టిలో చేసినవి 1,836. మొత్తం 3,057. పగులు తలుపు వంటి ఒక రంధ్రపు మూలలో మొదలైనది. ఎల్బా శిథిలాలలోను అటువంటి మూలలోనే, పైకప్పుమీద రేడియో పరికరానికని కోసిన కిటికీ దగ్గర, మొదటి పగులు జాడ దొరికినది. కోణమున్నచోట ఒత్తిడి కూడుతుందని నిర్మాతలకు తెలియకపోలేదు. వారు పరీక్షించకనూ పోలేదు. వారు పరీక్షించిన భాగం సుమారు పదహారు వేల మార్లు ఒత్తిడికి నిలిచినది. అయితే అదే భాగాన్ని అంతకు పూర్వం రెట్టింపు ఒత్తిడికి గురిచేసి ఉన్నారు. ఆ దెబ్బకు మూలలలోని లోహం గట్టిపడి, ఉన్నదానికంటె ఎక్కువ బలం చూపినది. పరీక్షయే పరీక్షకుని మోసగించినది! విద్యార్థుల జవాబు పత్రాలు దిద్దేవారు ఈ విషయం మీద ఒక నిమిషం ఆగవలసి ఉన్నది.

ఆ ఏడాది చివర బహిరంగ విచారణ జరిగినది. 1955లో నివేదిక ప్రకటించినారు. తమ దేశపు గర్వకారణమైన విమానంలో ఏది విరిగినదో, ఎందుకు విరిగినదో లోకమంతా చదివినది, పోటీదారులైన అమెరికా నిర్మాతలతో సహా. మార్పులతో కొత్త కామెట్ 1958 అక్టోబరులో అట్లాంటిక్ దాటేనాటికి, అదే నెలలో బోయింగు వారి 707 కూడా వచ్చి వ్యాపారాన్ని పట్టుకొనిపోయినది. ఆంగ్లేయులు నష్టపోయినారు. నేడు ఏ విమానమెక్కినా కిటికీ మూలలు గుండ్రంగా ఉంటవి. కిటికీ ప్రక్కన కూర్చున్న వారెవరైనా ఆ వంపుమీద వ్రేలు పెట్టి చూడవచ్చును.

ఆ కామెట్ దుర్ఘటనల చర్చలలో పాల్గొన్నవారిలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్ ఒకరు. విమానం కూలబోయే ముందు లోపలివారు ఏమి మాట్లాడుకొన్నారో తెలిస్తే ఎంత బాగుండునని ఆయనకు తోచినది. 1934లో, తనకు తొమ్మిదేళ్ళ వయసులో, తండ్రిని విమాన ప్రమాదంలోనే పోగొట్టుకొన్నవాడాయన. తండ్రి చివరిగా ఇచ్చిన కానుక ఒక చిన్న రేడియో పెట్టె. ఆ కుర్రవాడే పెద్దవాడై మాటలను, అంకెలను నమోదుచేసే పెట్టెను రూపొందించినాడు. మొదట స్వదేశంలో దానికి ఆదరణ లభించలేదు. తమ మాటలు పొంచి వినే గూఢచారిగా పైలట్లే దానిని శంకించినారు. నల్లపెట్టె అని మనం పిలిచే ఆ పెట్టె నిజానికి నారింజ రంగుది. శిథిలాలలో త్వరగా కంటబడాలని అట్లా రంగు వేస్తారు.

అక్కయ్యకు నేను చెప్పదలచినది ఇదే: విమానాన్ని చూచుకొనేది పైలటు ఒక్కడే కాదు. ఎన్నడో ఎక్కడో కూలిన విమానాలను ముక్కముక్కగా ఏరి, కారణం కనిపెట్టి, సిగ్గుపడకుండా వెల్లడించినవారందరును చూచుకొంటారు. ఆకాశయానంలో మన నమ్మకం దాచని తప్పులమీద నిలిచి ఉన్నది. అందుకనే తప్పును దాచిన ప్రతిసారీ ఆ నమ్మకం కూలుతుంది, కూలవలసినదే కూడాను.

తప్పు ఒప్పుకొనడం ఎవరికి సులభం? ఉపాధ్యాయవృత్తిలో నేను చేసిన ఒక అపరాధం చెబుతాను. ప్రయోగశాలలో ఉష్ణమాపకం పగిలినది. ఎవరు పగులగొట్టినారంటే ఒక కుర్రవాడు లేచి నిలిచినాడు. నేను వాణ్ణి కొట్టినాను. మరుసటి నెలలో రెండు పగిలినవి. ఒక్కడూ లేవలేదు. ఆ పాఠాన్ని అమెరికా వైమానిక రంగంవారు నాకంటె ముందే నేర్చుకొన్నారు. 1976 నుండి అక్కడ పైలట్లు తమవల్ల జరిగిన పొరపాట్లను గోప్యంగా వ్రాసి పంపే పద్ధతి ఒకటి ఉన్నది. దానిని నడిపేది శిక్షించే శాఖ కాదు, నాసా సంస్థ. మరుసటి ఏడాదే, 1977 మార్చి 27న, టెనెరిఫ్ ద్వీపంలో పొగమంచు కమ్మిన దారిమీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది మరణించినారు. ఎదుటి విమానం దారి తొలగినదా అని ఒక డచ్చి విమానంలోని ఇంజనీరు సందేహం వెలిబుచ్చినాడు. ఎంతో పేరున్న కెప్టెను తొలగినదనే అన్నాడు. చిన్నవాడు మళ్ళీ అడుగలేకపోయినాడు. అటువంటి దుర్ఘటనల మూలాన, పెద్దవానిని చిన్నవాడు నిర్భయంగా ప్రశ్నించడమనేది నేడు పైలట్ల శిక్షణలో ఒక పాఠమైనది. మన పాఠశాలలలో అది ఇంకను పాఠం కాలేదు.

ఇంత చరిత్ర ఉండియు 2018లో ఏమి జరిగినది? ఆ అక్టోబరు 29న ఇండొనీషియాలో బోయింగు 737 మాక్స్ విమానం సముద్రంలో కూలి 189 మంది మరణించినారు. ఆ విమానంలో ముక్కును దానంతటదే క్రిందికి వంచే కంప్యూటరు ఏర్పాటు ఒకటున్నది. అది ఒకే ఒక్క పరికరం చెప్పిన మాట నమ్మి పనిచేసేది. ఆ పరికరం అబద్ధం చెబితే రెండవదానితో సరిచూచుకొనే ఏర్పాటు లేదు. అంతకంటె దారుణం, ఆ ఏర్పాటు సంగతి పైలట్ల పుస్తకంలో వ్రాయనే లేదు. కారణం బయటపడిన వెనుక కూడా విమానాలు ఎగురుతూనే ఉన్నవి. 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండవది కూలినది. 157 మంది. అప్పుడు మొదట చైనా, వెంట మన దేశంతో సహా ఇతర దేశాలు, మార్చి 13న అమెరికా ఆ విమానాలను నేలమీద నిలిపినవి. 1954లో కారణం తెలియక ఎగురనిచ్చినారు. 2018లో తెలిసియు ఎగురనిచ్చినారు. ఏది పెద్ద తప్పో పాఠకులే నిర్ణయింతురు గాక. అమెరికాలో అవి మరల ఎగురడానికి అనుమతి రావడానికి 2020 నవంబరు దాకా పట్టినది.

ఇక అహమ్మదాబాదు. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరు తప్ప అందరును, నేలమీద పందొమ్మిది మందియు మరణించినారు. ఆ ఒక్కరు కూర్చున్న అంకె గల కుర్చీయే మాకు కావాలని ఆపైన టిక్కెట్ల దగ్గర అడిగినవారున్నారట. దుఃఖంలో కూడా మనిషి మనస్సు ఎంత వింతగా పోతుంది! నెల తిరిగేసరికి విచారణ శాఖవారు ప్రాథమిక నివేదిక వెలువరించినారు. ఇంజన్లకు ఇంధనం అందించే రెండు మీటలు లేచిన వెంటనే ఒకదాని తరువాత ఒకటి ఆపు స్థితికి మారినవని అందులో ఉన్నది. ఎవరు మార్చినారో, ఏల మార్చినారో ఆ నివేదిక తేల్చలేదు. కాని టెలివిజను చర్చలలో, వీధి అరుగుల మీద ఆ రాత్రే తీర్పులు వచ్చినవి. చనిపోయి జవాబు చెప్పుకోలేని పైలట్లమీద నేరం మోపినవారు కొందరు. యంత్రానిదే నేరమని ప్రమాణం చేసినవారు కొందరు. కలకత్తా గాలివాన గుర్తున్నవారు ఇట్లా తొందరపడరు. తృప్తిగా తోచిన మొదటి కారణం వెనుకనే రెండవ ప్రమాదం దాగి ఉండవచ్చును. ఆలస్యమైనా నిజం చెప్పమనీ, చెప్పినదంతా అచ్చువేయమనీ అడగడం ప్రయాణికుని హక్కు. నిజం తేలేవరకు నోరు కట్టుకొనడం ఆయన వంతు.

మన పాఠ్యపుస్తకాలలో 1903లో రైటు సోదరులు ఎగిరిన కథ ఉన్నది. ఫార్న్‌బరో నీటితొట్టి కథ నేను చూచిన ఏ పుస్తకంలోను లేదు. మొదటి దానిని చదివి పిల్లలు చప్పట్లు కొడతారు. రెండవది చదివితే ఏమి ప్రశ్నలడుగుతారో వినవలెనని నాకు కోరిక.

అక్కయ్య వెళ్ళినది. అయిదు నెలలకు మునిమనుమని ఫోటోలతో తిరిగి వచ్చినది. శంషాబాదు విమానాశ్రయానికి నేనే ఎదురువెళ్ళినాను. ప్రయాణమెట్లా సాగినదని అడిగితే పిడుగు పడినట్లు నామీద పడినది. వెళ్ళేనాడు విమానం నేల విడువగానే కాళ్ళక్రింద దబ్బుమని పెద్ద చప్పుడైనదట. ప్రక్కనున్న కుర్రవాని చేయి పట్టుకొని, కూలినదనుకొన్నదట. తరువాత విమానంలోని అమ్మాయి దగ్గరకు వచ్చి వంగి, "చక్రాలు లోపలికి ముడుచుకొన్నాయి బామ్మగారూ" అని చెప్పినదట.

"ఎప్పుడో సముద్రంలో పడ్డవాటి కథలన్నీ చెప్పావు. చక్రాలు చప్పుడు చేస్తాయని ఒక్క ముక్క చెప్పి ఉండకూడదట్రా?"

ఆ సంగతి నాకును తెలియదు.